రెండు వేళ్ల లోతు

పోర్తోలో, నదికి దిగే మెట్లవీధి మీద
కోర్టు వెనక గదిలో నా ఉద్యోగం.
సాక్షుల మాటలు రికార్డులో విని టైపు చేయాలి.
చెవిటివాడికి ఈ పనేమిటని అడగనివాళ్లు లేరు.
వినబడనట్టు ఊరుకునేవాణ్ణి.
అది నాకు బాగా చేతనైన పని.

మిషన్లు వచ్చింది నలభై మూడో ఏట.
చెవి వెనక చిక్కుడు గింజంత, అటొకటి ఇటొకటి.
దాని పక్కనే కళ్లజోడు కాడ.
రెంటినీ అదిమి ఆఫీసువాళ్ల హెడ్‌ఫోను.
ఒక్క సీటు కోసం ముగ్గురు తోసుకునే
పొద్దుటి ట్రాము, నా చెవి.
పదకొండయ్యేసరికి మడత కందిపోయేది,
లెక్కల మాస్టారు మెలిపెట్టిన చోటే, సరిగ్గా.

ఇంకోటి.
గిన్నె కాస్త నొక్కుకుంటే చాలు
మిషను ఈల వేస్తుంది.
ఆ ఈల నాకు వినబడదు,
నాకు పోయిన స్వరాల్లో అదొకటి.
నా చెవిలో పుట్టి
నాకు తప్ప గదికంతా వినబడుతుంది.
ఎదురు బల్ల ఫిలొమేనా తలెత్తకుండానే
పెన్సిలుతో తన చెవి చూపించేది.
నేను ఒక చేత్తో గిన్నె ఎత్తిపట్టుకుని
రెండో చేత్తో టైపు కొట్టేవాణ్ణి.

మిషన్లు తీసేసి సౌండు పెంచవచ్చుగా?
పెంచాను.
అచ్చులు గర్జించాయి. హల్లులు రాలేదు.
ముల్లు లాగేసిన చేపలా
వాంగ్మూలం పళ్లెంలో కూలబడింది.

అలాంటి చోట్లకి మాకో మాట ఉంది: అస్పష్టం.
బ్రాకెట్లలో పెట్టి ముందుకు పోవచ్చు.
రోజుకెన్ని పెట్టానో లెక్క లేదు.

ట్రాము సీట్లకు తోలు కుట్టే ఎతెల్వీనా కొట్టు
మా సందు చివర.
స్టూలు బాగుచేయించడానికి వెళ్లి
హెడ్‌ఫోను కూడా బల్ల మీద పెట్టాను.
ఆమె టేపు తీయలేదు.
చూపుడు వేలూ నడిమి వేలూ జోడించి
నా చెవికీ గిన్నెకీ మధ్య దూర్చబోయింది.
వేళ్లు దూరలేదు.
"ఈ దిండు కుట్టినవాడు
మనిషి చెవి చూడలేదు, గోడను చూసి కుట్టాడు" అంది.

వారం తర్వాత:
మెత్తటి మేకతోలు, లోపల రెండు వేళ్ల లోతు.
కళ్లజోడు కాడకి చిన్న గాడి.
చెవికి అంచు ఎక్కడా తగలదు.
"కాస్త పైకి పెట్టుకో.
వినేది నీ చెవి రంధ్రం కాదుగా,
వెనకున్న ఆ గింజ."
డబ్బు స్టూలుకే తీసుకుంది.

పెడచెవిన పెట్టడమంటే
లెక్కచేయకపోవడమంటారు.
నేను అక్కడే పెట్టుకుని
వింటున్నాను.

మొదట ఫ్యాను వచ్చింది.
తర్వాత జడ్జిగారి ఉంగరం బల్లకు తగలడం.
స వేరుగా, ష వేరుగా
కవలల్లో ఎవరెవరో తెలిసినట్టు.
ఈల లేదు. ఫిలొమేనా పెన్సిలు కదల్లేదు.

సాయంత్రం పాత ఫైలొకటి తీశాను,
ఎందుకో చెప్పలేను.
రెండేళ్ల కిందటి సరిహద్దు తగాదా.
సాక్షి రైముందు, ద్రాక్షతోట కూలీ, డెబ్బై దాటినవాడు.
పద్నాలుగో నిమిషం. నా కాగితంలో: అస్పష్టం.

గొంతు సవరింపు. కుర్చీ కిర్రుమనడం.
"కాసిని మంచినీళ్లు ఇప్పిస్తారా."
వెంటనే లాయరు ప్రశ్న.
దాని మీద ఇంకో ప్రశ్న.

చివరిదాకా విన్నాను.
గ్లాసు చప్పుడు రాలేదు.
ఆ రోజు ఆ గదిలో
చెవులన్నీ మంచివే.

కేసు ఎప్పుడో మూసేశారు.
దీనివల్ల గట్టు జానెడు కూడా జరగదు.
సవరణ కాగితం అడిగితే
ఫిలొమేనా వింతగా చూసింది.
"కారణం గడిలో ఏం రాస్తావు?"

కాసేపు ఆలోచించి రాశాను:
దిండు మార్చాను.